ఊపిరి తీసుకున్న చోట్లు

మేడమ్‌కి పాడటం రాదు. ఆమె పోయారన్న కబురు పోయిన నెల మా పాత ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది అదే. పెట్టినవాళ్ళు ఆమె చదివిన చదువులు, చేసిన ఉద్యోగాలు, రాసిన పరిశోధన పత్రాలు వరసగా రాశారు. అన్నీ నిజమే. చదివి, ఫోను పక్కన పెట్టి, ఎదురుగా కూచున్న పేషెంటుని ఒక్క నిమిషం ఆగమన్నాను.

ఆమె ఊపిరితిత్తుల డాక్టరు. రాయపూర్‌లో ఒక మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు. భర్త స్టీల్ ప్లాంటులో ఇంజనీరు కావడంతో కాపురం భిలాయిలో, ప్లాంటు కాలనీలోని ఒక సెక్టార్ క్వార్టర్లో. రోజూ పొద్దున్నే లోకల్ రైల్లో వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. పుట్టి పెరిగింది విజయనగరం. చిన్నప్పుడు సంగీతంలో చేర్పిస్తే ఆరు నెలలు చూసి పంతులుగారు వాళ్ళ నాన్నగారితో, "అమ్మాయికి చెవి ఉంది గాని గొంతు లేదండి. పాఠం వద్దు, ఊరికే వచ్చి కూచుని వినమనండి" అన్నారట. ఆమె పదేళ్ళు అలా వెళ్ళి కూచున్నారు. గోడకి ఆనుకుని, వేరే పిల్లలు పాడుతుంటే వింటూ.

పాడటం రాదని పంతులుగారు చెప్పినా ఆమె మాత్రం మానలేదు. కారిడార్లో నడుస్తూ పాడేవారు, చేతులు కడుక్కుంటూ పాడేవారు, రైల్లో కిటికీ దగ్గర కూచుని పాడేవారు. శ్రుతి ఒక దారి, ఆమె ఒక దారి. ఎదుటి బెంచీలో వాళ్ళు మొహాలు చూసుకునేవారు. ఒకసారి నేను నవ్వు ఆపుకోలేకపోతే ఆమె ఏమీ అనుకోలేదు. "రెండూ ఇచ్చి ఉంటే పాటకత్తెని అయిపోయేదాన్నే. అప్పుడు మీ అందరి దగ్గూ ఎవరు వినేవారు?" అన్నారు.

కొత్తగా చేరిన విద్యార్థులకి మొదటి వారం స్టెతస్కోపు ముట్టుకోనిచ్చేవారు కారు. బల్ల మీద చిన్న రేడియో పెట్టి, వినీ వినబడనంత తగ్గించి, ఏ వాయిద్యమో చెప్పమనేవారు. వాళ్ళు మెడలు సాచి వినేవారు. ఒకడు "కుక్కర్ విజిల్, మేడమ్" అన్నాడు. నిజంగానే పక్క క్యాంటీన్లో కుక్కరు కూస్తోంది. "నువ్వు పాసయ్యావు. ఉన్నది విన్నావు, నేను వినమన్నది కాదు" అన్నారామె.

నన్ను పనిలోకి తీసుకున్నదీ ఇలాగే. నేను బీఎస్సీ అయ్యి ఇంట్లో ఉన్నాను. భిలాయిలో ఫ్యాక్టరీల వాళ్ళ ఊపిరి పరీక్షించే ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టి, యంత్రం దగ్గర కూచోడానికి మనిషి కోసం చూస్తున్నారని తెలిసి వెళ్ళాను. మార్కుల కాగితాలు తీసి పెడితే వాటివైపు చూడలేదు.

"ఆ ఫ్యాన్ విను. ఏమనిపిస్తోంది?"

"తిరిగినప్పుడల్లా ఒకచోట టక్కుమంటోంది, మేడమ్."

"ఎన్నాళ్ళ నుంచి అలా?"

"నాకేటి తెలుస్తుంది మేడమ్, నేను ఇయాళే కదా వచ్చాను."

"బాగుంది. సోమవారం నుంచి రా."

చేరిన కొన్నాళ్ళకి మాటల్లో మా నాన్న సన్నాయి వాయిస్తాడని చెప్పాను. ఎవరని అడిగారు. చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఆయన మీ నాన్నగారా? ఇన్నాళ్ళూ చెప్పవేమే!" అన్నారు. మా నాన్న అక్కడ లేడు. ఆయన పేరు విని లేచి నిలబడ్డ మనిషిని నేను అంతకుముందు చూడలేదు. పెళ్ళిళ్ళలో ఆయన్ని అందరూ సన్నాయోడనే పిలిచేవారు. భోజనాలు ఆఖరి బంతిలో పెట్టేవారు.

మా నాన్న శ్రీకాకుళం నుంచి వయసులో వచ్చినవాడు. ప్లాంటులో ఉద్యోగం దొరక్క, ఇండస్ట్రియల్ ఏరియాలో బొగ్గు కాల్చి కోక్ తీసే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో చేరాడు. ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు. పొయ్యిల పైన పని. కింద నుంచి పసుప్పచ్చని పొగ వచ్చేది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఛుట్టీ పెట్టి సన్నాయి పట్టుకెళ్ళేవాడు. ఎనిమిదో ఏట నుంచీ ఊదుతున్నాడు. బుగ్గల్లో గాలి దాచుకుని, ఊదుతూనే ముక్కుతో పీల్చుకునే నేర్పు కొందరికి ఉంటుంది. మా నాన్నకి అది రాదు. ఆయనకి ఒక ఊపిరంటే ఒక ఊపిరే, కాని అది చాలా పెద్దది.

భిలాయిలో తెలుగువాళ్ళ పెళ్ళంటే మేడమ్ తప్పకుండా వచ్చేవారు. పిల్లని, పిల్లాణ్ణి పలకరించేసి, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి సరిగ్గా మేళం ఎదుట వేసుకునేవారు. కుర్చీ దొరక్కపోతే పట్టుచీరతోనే జంపఖానా మీద కూచునేవారు. కళ్ళు మూసుకుని తల ఊపడం ఆమెకి లేదు. కళ్ళు తెరిచే వినేవారు. పెళ్ళివారు వచ్చి, "డాక్టరమ్మగారూ, లేవండి, బంతి వేశారు" అంటే, "పప్పు ఎక్కడికీ పోదమ్మా. ఈ కల్యాణి పోతుంది" అని కదిలేవారు కాదు. అయిపోయాక మా నాన్న దగ్గరికి వెళ్ళి, "మేష్టారూ" అని పిలిచి, ఏది ఎక్కడ బాగుందో చెప్పేవారు. మేష్టారూ అన్న పిలుపుకి మా నాన్న మొదట్లో వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవరినో అనుకుని.

భిలాయిలోనే మరోదా అనే పేటలో ఒక పెళ్ళి. మగపెళ్ళివారు ఇంకా రాలేదు. మా నాన్న తీరిగ్గా కల్యాణి రాగం విస్తరిస్తున్నాడు. పైకి ఎక్కుతూ ఎక్కుతూ సగంలో టక్కున ఆపేశాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఎక్కడో కిందనుంచి అందుకున్నాడు. మేడమ్ నోట్లోంచి "ఆహా!" అని పైకే వచ్చేసింది. తర్వాత దగ్గరికి వచ్చి, "మేష్టారూ, ఆ ఆపు కొత్తగా ఉంది. చాలా బాగుంది" అన్నారు.

ఇంటికొచ్చాక మా నాన్న అమ్మతో ఆ మాట మూడుసార్లు చెప్పాడు. "డాట్రమ్మగారు ఆపు బాగుందన్నారే" అని. అప్పటినుంచి ప్రతి పెళ్ళిలోనూ ఆ ఆపులు వేయడం మొదలుపెట్టాడు. డోలు వాయించే ఆయన కూడా, "ఏటి మావా, కొత్త బాణీ పట్టీసినావు" అనేవాడు.

మరుసటి ఏడాది పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఒక ఆదివారం ముహూర్తం. మేడమ్ ఎప్పట్లా ముందు కూచున్నారు గాని ఆ రోజు మేష్టారి దగ్గరికి రాలేదు. భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు. సోమవారం నేను వెళ్ళేసరికి యంత్రం దగ్గర నా కుర్చీలో ఆమే కూచుని ఉన్నారు.

"మీ నాన్నగారు మెట్లెక్కుతున్నారా?"

"మాకు మేడ లేదు మేడమ్."

"సైకిలు?"

"తొక్కుతున్నారు. ఓవర్‌బ్రిడ్జి మీద మాత్రం దిగి నడిపించుకొస్తున్నారు. చైను లూజయిపోయిందట."

"చైను నువ్వు చూశావా?"

"లేదు."

"చూడు."

ఆ సాయంత్రం వాకిట్లో సైకిలు స్టాండు వేసి చైను పట్టుకు చూశాను. బిగుతుగా ఉంది. లోపల మా నాన్న రుమాలుతో సన్నాయి తుడుచుకుంటున్నాడు.

ఆ వారంలోనే ఆయన ఫ్యాక్టరీ వాళ్ళకి పరీక్ష వచ్చేలా మేడమ్ వరస మార్చారు. మా నాన్న వచ్చి, గొట్టం నోట్లో పెట్టుకుని, ఒక్క ఊపు ఊదాడు. నార్మల్. పుస్తకంలో ఆయన వయసుకీ పొడుగుకీ ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువే. "సూసినావా అమ్మలూ, ఫుల్ మార్కులు!" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మేడమ్ ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూచున్నారు.

"నార్మలే కదా మేడమ్?"

"మనకి నార్మల్. పది గదుల ఇంట్లో నాలుగు గదులు కూలిపోయినా, బయటనుంచి చూస్తే మన క్వార్టర్ కంటే పెద్దగానే ఉంటుందే. ఆయనకి మొదట ఎన్ని గదులుండేవో మనకి తెలియదు. ఎవరు కొలిచారు కనక?"

ఎవరూ కొలవలేదు. రెండు రోజుల తర్వాత ఆమెకే తోచింది, కొలతలు ఊరంతా ఉన్నాయని. భిలాయిలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి వీడియో లేని బీరువా లేదు. వాటిల్లో చాలావాటిలో మా నాన్న ఉన్నాడు.

ఇద్దరం సెలవు రోజుల్లో సెక్టార్లు పట్టుకు తిరిగాం. ఎవరింటికి వెళ్ళినా పెళ్ళి వీడియో చూస్తామంటే పొంగిపోయేవారు. పకోడీలు వేసేవారు. తలంబ్రాలు చూపిస్తామని టేపు ముందుకి తిప్పేవారు. "తలంబ్రాలు తర్వాత చూద్దాం అమ్మా, వెనక్కి తిప్పండి. మేళం, మేళం" అనేవారామె. టీవీకి జానెడు దూరంలో కూచుని, చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని, మా నాన్న ఊపిరి తీసుకున్నప్పుడల్లా నొక్కేవారు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎన్ని సెకన్లో అంకె చెప్తే నేను రాసుకునేదాన్ని. ఎప్పుడూ కల్యాణే, ఎప్పుడూ ఆ పైకెక్కే చోటే. వేరే చోటుతో పోల్చనిచ్చేవారు కారు. ఆ ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడి చూసేవారు. ఒకావిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "దీదీ, డాక్టరమ్మగారికి ఒంట్లో బాగానే ఉన్నాదా?" అని అడిగింది.

పాత టేపుల్లో మా నాన్న ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పట్టుకోవడమే కష్టంగా ఉండేది. ఏడాదులు ఇటు వచ్చేకొద్దీ తేలికయింది. పెళ్ళి పెళ్ళికీ అంకె దిగుతూ వచ్చింది. ఆఖరికి మరోదా పెళ్ళి టేపు దొరికింది. ఆయన సగంలో ఆపాడు. ఆ నిశ్శబ్దంలో, కెమెరాకి పక్కనుంచి, "ఆహా!" అని ఒక ఆడగొంతు.

మేడమ్ మళ్ళీ తిప్పమన్నారు. మళ్ళీ విన్నారు. స్టాప్‌వాచీ ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేనే. ఊపిరి చాలక ఆగితే, బాగుందని మెచ్చుకున్నాను. డాక్టర్ని."

రిక్షాలో తిరిగి వస్తుంటే దారంతా ఆమె ఏమీ పాడలేదు.

ఆ ఆదివారం పొద్దున్న ఆమె కోహ్కాలో మా ఇంటికి వచ్చారు. వీడియోల్లోంచి మేళం మాత్రం ఎక్కించిన ఒక క్యాసెట్టు, చిన్న టేప్‌రికార్డరు సంచిలో ఉన్నాయి. మా అమ్మ కంగారుపడి కొత్త దుప్పటి పరిచింది. మేడమ్ కూచుని, టీ తాగి, ఊపిరి మాటా రోగం మాటా ఎత్తకుండా క్యాసెట్టు పెట్టారు. ముందు పాతది, తర్వాత మరోదాది.

"మేష్టారూ, ఇక్కడ ఎందుకు ఆగారు?"

"నానాగలేదమ్మా. అందం కోసం ఏసిన ఆపది. తవరే బాగుందన్నారు కదా."

"అన్నాను. ఇప్పటికీ బాగానే ఉంది. మరి దీనిలో ఆ అందం ఎందుకు లేదు?" అని పాతది మళ్ళీ పెట్టారు.

మా నాన్న విన్నాడు. పాతదానిలో ఆ రాగం ఒక్క పట్టున పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, తీరిగ్గా దిగింది. ఆయన తల వంచుకుని తన సన్నాయి తనే కొత్తగా వింటున్నట్టు విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"చైను చూశాను నాన్నా."

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ కదలకుండా కూచున్నారు. కాసేపటికి తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మొదటిసారి సాలనప్పుడు బయమేసిందమ్మా. అందరూ సూసీసారు అనుకున్నాను. తవరు ఆహా అన్నారు. ఓహో, పర్లేదు, ఎవులికీ తెలీలేదు అనుకున్నాను. అప్పుట్నించీ సాలనప్పుడల్లా అలగే కప్పీసినాను."

"తప్పు నాది, మేష్టారూ."

"తప్పేటుందమ్మా, తవరు పాట ఇన్నారు. ఈ మాట బైట తెలిస్తే మాత్రం నన్ను పెళ్ళికి పిలిసేవోడుండడు. సాంస్ లేని, ఊపిరందని సన్నాయోణ్ణి ఎవులు పిలుస్తారు?"

"నేను ఎవరికీ చెప్పను. మీరు సరేనంటే మీ ఫ్యాక్టరీ డాక్టరుకి ఒక్కడికే చెప్తాను. మిమ్మల్ని ఆ పొయ్యిల మీంచి దింపించాలి."

"దిగితే ఇంకెన్నాళ్ళు ఊదగలను?"

"పోయింది తిరిగి రాదు. ఉన్నది చాలా ఏళ్ళు వస్తుంది. దిగకపోతే నేనేమీ చెప్పలేను."

ఆయన సరేనన్నాడు. అన్నాక నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఫ్యాక్టరీ డాక్టరు మంచివాడే. లావుపాటి మనిషి, ఉత్తరాది ఆయన. కాగితం చూసి, "నార్మల్ హై మేడమ్, మై క్యా లిఖూఁ?" అన్నాడు. నార్మల్‌ని నార్మల్ అని కాక ఇంకేమని రాయాలో ఆయనకి తెలియలేదు. మేడమ్ క్యాసెట్టు పెట్టారు. తనకి సంగీతం తెలియదన్నాడు. పెళ్ళి వీడియో చూసి మనిషి పని మార్చానంటే తనని నవ్విపోతారన్నాడు. ఆమె మళ్ళీ వెళ్ళారు. మూడోసారి వెళ్ళినప్పుడు క్యాసెట్టు తీసుకెళ్ళలేదు.

"డాక్టరు సాబ్, మీరు ఆయనతో కలిసి ఒక్కసారి పొయ్యిల పైకి మెట్లెక్కండి. ఎక్కుతూ ఇద్దరూ కబుర్లు చెప్పుకోండి. అంతే నేను అడిగేది."

ఆయన ఎక్కాడు. లావుమనిషి, రొప్పుతూనే పైదాకా మాట్లాడుతూ వెళ్ళాడట. సగం మెట్ల దగ్గర మా నాన్న మాట ఆగిపోయింది. పైకి చేరాక అడిగినదానికి జవాబు చెప్పడానికి రెయిలింగు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. కిందికి దిగాక డాక్టరు ఫారం తీశాడు. మా నాన్నకి ఉన్నదాన్ని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. వెతికి వెతికి, వేడి పడదు అన్నచోట టిక్కు పెట్టాడు. పదిహేను రోజుల్లో మా నాన్నని స్టోర్సుకి మార్చారు.

మేడమ్ దీన్నంతా, మా నాన్న పేరు రాకుండా, ఒక పరిశోధన పత్రంగా రాశారు. పెళ్ళి టేపులు సాక్ష్యం కావని అది పత్రికల నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది. వాళ్ళనేదీ సబబే అన్నారామె. పత్రాన్ని సొరుగులో పెట్టేసి, మా పరీక్ష పద్ధతి మార్చారు. యంత్రం ముట్టుకోడానికి ముందు ప్రతి మనిషినీ ఒక ప్రశ్న అడగాలి: ఈ మధ్య ఏం మానేశారు? జవాబు ఏ భాషలో చెప్తే ఆ భాషలోనే, వాళ్ళ మాటల్లోనే రాయాలి. అలసట ఉందా, ఆయాసం ఉందా అంటే అందరూ లేదనేవారు. ఏం మానేశారంటే ఆగి ఆలోచించేవారు. ఒకాయన మనవణ్ణి భుజం మీద ఎక్కించుకోవడం మానేశానన్నాడు. ఒకాయన పావురాలకి ఈల వేయడం మానేశాడు. ఒకాయన శ్రీరామనవమి భజనలో పాడటం మానేసి చప్పట్లు మాత్రం కొడుతున్నాడు. ఎందుకు మానేశారో వాళ్ళూ ఆలోచించలేదు. వాళ్ళలో కొందరి జబ్బుని యంత్రం కంటే ముందు ఆ ప్రశ్నే పట్టుకుంది. నేను ఇప్పటికీ అడుగుతున్నాను.

చాలా ఏళ్ళకి ఆమె భర్త రిటైరయి, ఇద్దరూ విశాఖపట్నం వెళ్ళిపోతున్నారని తెలిసింది. వెళ్ళే వారంలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. మా నాన్న అప్పటికి పెళ్ళిళ్ళు బాగా తగ్గించేశాడు. తన దగ్గర నేర్చుకున్న ఇద్దరిని పంపి, తను పక్కన కూచుని శ్రుతిపెట్టె నొక్కేవాడు. మేడమ్ అదీ ఇదీ మాట్లాడి, లేవబోతూ, "మేష్టారూ, వెళ్ళేముందు ఒక చిన్న కీర్తన" అన్నారు.

"డోలు లేదు కదమ్మా."

"తాళం నేను వేస్తాను. అది వచ్చు నాకు."

మా నాన్న సన్నాయి తీశాడు. రెల్లు పీకని నోట్లో తడుపుకుని మొదలుపెట్టాడు. ఆమె చాప మీద ఎదురుగా కూచుని తొడ మీద తాళం వేస్తున్నారు. ఆయన ఊపిరి చాలని చోటల్లా ఆగాడు. అందంగా ఆగడానికి ఏమీ ప్రయత్నించలేదు. పీక నోట్లోంచి తీసి, భుజాలు ఎత్తి, నోరు తెరిచి గాలి పీల్చుకుని, మళ్ళీ వదిలిన చోటే పట్టుకున్నాడు. మొదట్లో నేను తల తిప్పుకున్నాను. తర్వాత చూశాను.

చరణంలో ఒకచోట చాలాసేపు పట్టింది. ఆయన రెండుసార్లు పీల్చాడు, చాలలేదు, మూడోసారి పీల్చాడు. మేడమ్ కుడిచెయ్యి తాళంలో అప్పుడే పైకి లేచి ఉంది. అది అక్కడే, గాలిలో, ఆగిపోయింది. ఆయన మళ్ళీ అందుకునేదాకా ఆమె ఆ చెయ్యి కిందికి దించలేదు.